ఖాళీ గిన్నె తూకం: హిగ్స్ జంటల వేటలో నా సిస్టమాటిక్స్ డైరీ

1వ వారం, శనివారం

పగలు గ్రూపులో నా పని హిగ్స్ బోసాన్ జంటలను వెతికే విశ్లేషణలో ఒక ముక్క. ఫిట్‌లోకి, అంటే డేటాకి నమూనాను సరిపోల్చే లెక్కలోకి, వెళ్లే సిస్టమాటిక్స్ (కొలతను ఒకే వైపుకి లాగగల తప్పుల అంచనాలు) పట్టిక నిరుడు నా చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఒకటే బాధ. వందకు పైగా వరుసలున్న ఆ పట్టికలో ప్రతి వరుస పేరూ నాకు తెలుసు, కానీ ఏ వరుస తీసేస్తే జవాబు ఎంత కదులుతుందో, ఎందుకు కదులుతుందో కాగితం మీద లెక్క వేసి చెప్పమంటే చెప్పలేను. అందుకే సాయంత్రాలు, శని ఆదివారాలు కేటాయించి, మొత్తం వేటను ల్యాప్‌టాప్ మీద చిన్న నమూనాగా మళ్లీ కట్టాలని కూర్చున్నాను. నిజమైన డేటా ముట్టుకోను, అంతా నేను పుట్టించిన సంఖ్యలే. అసలు నిజం ఏమిటో నాకు ముందే తెలుసు కాబట్టి ఫిట్ తప్పు చెబితే దొరికిపోతుంది. పైథాన్, అందులో ఇలాంటి ఫిట్‌లు చేసే పైహెచ్ఎఫ్, ఒక పాత నోట్‌బుక్, ఇంతే సరంజామా.

ముందు సంఖ్యలు. ప్రోటాన్లను ఢీకొట్టే ఎల్‌హెచ్‌సీలో 13 టీఈవీ శక్తి దగ్గర, ప్రోటాన్లలోని రెండు గ్లూవాన్లు ఢీకొని హిగ్స్ జంట పుట్టే క్రాస్ సెక్షన్, అంటే పుట్టే అవకాశం కొలత, సుమారు 31 ఫెమ్టోబార్న్‌లు. అదే దారిలో ఒంటరి హిగ్స్ పుట్టేది 48.6 పికోబార్న్‌లు (ఒక పికోబార్న్ వెయ్యి ఫెమ్టోబార్న్‌లు), అంటే 1,500 రెట్లకు పైమాటే. జంట ఇంత అరుదు కావడానికి కారణం ఒక్క బరువే కాదు. జంట పుట్టడానికి రెండు దారులున్నాయి: టాప్ క్వార్క్ చట్రం నుంచి రెండు హిగ్స్‌లూ నేరుగా రావడం ఒకటి, ముందు ఒక హిగ్స్ పుట్టి అది రెండుగా చీలడం రెండోది. ఈ రెండూ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. హిగ్స్ తనతో తాను ఎంత బలంగా ముడిపడుతుందో, మేమంతా కప్పా లాంబ్డా అని పిలిచే ఆ సంఖ్య, రెండో దారిలోనే దాక్కుని ఉంది. ఇన్ని వేలమంది ఇన్నేళ్లుగా వెతుకుతున్నది దానికోసమే.

2015 నుంచి 2018 వరకు ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్ ప్రయోగం దగ్గర విశ్లేషణకు పనికొచ్చిన డేటా 140 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్‌లు (డేటా ఎంతో చెప్పే కొలత, దీన్ని క్రాస్ సెక్షన్‌తో గుణిస్తే ఘటనల సంఖ్య వస్తుంది). 31ని 140తో గుణిస్తే 4,340 జంటలు. నేను ఎంచుకున్న దారిలో ఒక హిగ్స్ రెండు బాటమ్ క్వార్క్‌లుగా, రెండోది రెండు ఫోటాన్లుగా విడిపోవాలి. దాని వాటా 0.26 శాతం. మిగిలేవి 11 జంటలు. డిటెక్టర్‌లో దొరకనివి, కోతల్లో పోయేవి తీసేస్తే నా నమూనాకు 1.5 అని పెట్టుకున్నాను. హిగ్స్ ద్రవ్యరాశి 125 జీఈవీ చుట్టూ ఉన్న చిన్న కిటికీలో బ్యాక్‌గ్రౌండ్, అంటే హిగ్స్ జంటలా కనపడే ఇతర ఘటనలు, 4. ఈ 1.5, 4 నేను లెక్క సులువు కోసం ఎంచుకున్నవే, ఏ ప్రయోగం ప్రకటించినవీ కావు.

ఆదివారం

ఇంటికి ఫోన్ చేస్తే, సిస్టమాటిక్స్ అంటే ఏమిట్రా అని మా నాన్న అడిగారు. ఆయనకు చెప్పిన మాటే ఇక్కడా రాసుకుంటున్నాను, ఎందుకంటే నేను ఇప్పటిదాకా చదివిన నిర్వచనాలకన్నా ఇది నాకే బాగా పని చేసింది.

కొట్లో నూనె తూచేటప్పుడు ముందు ఖాళీ గిన్నెను త్రాసులో పెట్టి అవతలి తట్టలో ధడా కడతారు. గాలికి త్రాసు ముల్లు అటూ ఇటూ ఊగుతుంది, అది గణాంక అనిశ్చితి. పదిసార్లు తూచి సగటు తీస్తే తగ్గుతుంది. కానీ ధడాయే తప్పుగా కట్టి ఉంటే? వందసార్లు తూచినా అదే తప్పు వందసార్లూ వస్తుంది, అదీ ఒకే వైపుకి. అదే సిస్టమాటిక్. "మరి ధడా సరిగ్గా ఉందో లేదో ఎలా చూస్తారు?" అని ఆయనే మళ్లీ అడిగారు. ఖాళీ గిన్నె పెట్టి ముల్లు మధ్యలో నిలుస్తుందో లేదో చూస్తాం నాన్నా అన్నాను. ఆ మాటతోనే ఈ ప్రాజెక్టులో తరవాతి రెండు వారాలు గడుస్తాయని అప్పుడు అనుకోలేదు.

సోమవారం రాత్రి

మొదటి లెక్క చేత్తోనే. సిగ్నల్‌ని బ్యాక్‌గ్రౌండ్ వర్గమూలంతో భాగిస్తే 1.5 బై 2, అంటే 0.75 సిగ్మా (సిగ్నల్ మామూలు ఊగుకి ఎన్ని రెట్లుందో చెప్పే కొలత). ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ మీద 10 శాతం సిస్టమాటిక్ వేద్దాం: హారంలో 4కి 0.4 వర్గం, అంటే 0.16 కలుపుతాను. వచ్చింది 0.735. రెండు శాతం తేడా. ఈ రెండు శాతం కోసమా మేం నెలల తరబడి మీటింగుల్లో కూర్చునేది అని కాసేపు నిజంగానే దిగులేసింది.

వెంటనే అదే లెక్కను హై ల్యూమినాసిటీ ఎల్‌హెచ్‌సీ లక్ష్యమైన 3,000 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్‌లకు పెంచాను. 21.4 రెట్లు. సిగ్నల్ 32, బ్యాక్‌గ్రౌండ్ 86. సిస్టమాటిక్ లేకుండా 3.47 సిగ్మా. అదే 10 శాతం ఉంచితే 2.55. దిగులు పోయి భయం పట్టుకుంది. డేటా పెరిగిన కొద్దీ ముల్లు ఊగడం తగ్గుతుంది, ధడా తప్పు మాత్రం డేటాతో పాటే పెరుగుతుంది. ఇవాళ పట్టికలో కనీకనబడకుండా ఉన్న వరుసే పదేళ్ల తరవాత ఫలితాన్ని మింగేస్తుంది. అప్పుడు చూసుకుందాంలే అంటే కుదరదు, ఎందుకంటే ఇవాళ ఎంచుకున్న పద్ధతులే అప్పటిదాకా నడుచుకుంటూ వెళ్తాయి.

మంగళ, బుధ

చిన్న వరుసలు పూర్తి చేశాను. ల్యూమినాసిటీ, అంటే మొత్తం డేటా ఎంత అన్న కొలత: 2015-18 నాటి రన్ 2 మొత్తానికి అట్లాస్ చెప్పిన అనిశ్చితి 0.83 శాతం. కిరణాలను ఒకదాని మీదుగా ఒకటి జరుపుతూ చేసే వాన్ డెర్ మీర్ స్కాన్లతో అంత కచ్చితంగా కొలవగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, కానీ నా ఫిట్‌లో అది కనపడను కూడా కనపడదు. ఫోటాన్ శక్తి రిజల్యూషన్ కాస్త కనపడుతుంది. రెండు ఫోటాన్ల ద్రవ్యరాశి శిఖరం వెడల్పు 1.5 జీఈవీ పెట్టాను. అది 10 శాతం పెరిగితే అదే సిగ్నల్ కింద బ్యాక్‌గ్రౌండ్ 10 శాతం ఎక్కువ చేరుతుంది, సున్నితత్వం 5 శాతం పడుతుంది. బీ ట్యాగింగ్ (ఏ జెట్, అంటే క్వార్క్ నుంచి ఎగిసే కణాల గుంపు, బాటమ్ క్వార్క్‌దో గుర్తించడం), జెట్ శక్తి కూడా వేశాను. వీటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

2వ వారం, ఖాళీ గిన్నె

ఈ దారిలో అసలు బ్యాక్‌గ్రౌండ్ రెండు ఫోటాన్లూ జెట్లూ కలిసి వచ్చే మామూలు ఘటనలు. దాన్ని సిమ్యులేషన్ చెప్పినట్టు నమ్మరు. 105 నుంచి 160 జీఈవీ దాకా డేటాలోనే ఒక నునుపైన ఫంక్షన్ గీసి, పక్కల నుంచి మధ్యలోకి ఊహిస్తారు. మరి ఏ ఫంక్షన్? ఎక్స్‌పొనెన్షియలా, ఘాతమా, పాలినామియలా? తప్పు ఫంక్షన్ గీస్తే 125 దగ్గర లేని గుట్టో, లేని గుంటో ఏర్పడి అది సిగ్నల్‌లా కనపడుతుంది. దీన్నే స్పూరియస్ సిగ్నల్ అంటారు, అంటే దొంగ సిగ్నల్. కొలిచే పద్ధతి ఇది: సిగ్నల్ అస్సలు లేని బ్యాక్‌గ్రౌండ్ సిమ్యులేషన్‌కి సిగ్నల్ ప్లస్ బ్యాక్‌గ్రౌండ్ ఫిట్ చేసి, సిగ్నల్ ఎంత వచ్చిందో చూడటం. చూడండి, ఇది అచ్చంగా ఖాళీ గిన్నె తూకమే. ఎల్‌హెచ్‌సీలోని మరో ప్రయోగం సీఎంఎస్‌లో దారి వేరు. అక్కడ ఫంక్షన్ ఎంపికనే ఒక న్యూసెన్స్ పారామీటర్‌గా (మనకు కావలసిన జవాబు కాకపోయినా ఫిట్ సర్దుకోవాల్సిన సంఖ్యగా) చేసి, ఫిట్ తనకు నచ్చిన ఫంక్షన్ల మధ్య మారేలా చేస్తారు. నేను మొదటి పద్ధతి తీసుకున్నాను.

ఎక్స్‌పొనెన్షియల్ నుంచే బ్యాక్‌గ్రౌండ్ పుట్టించాను, ఎక్స్‌పొనెన్షియల్‌తోనే ఫిట్ చేశాను. అంటే ఫంక్షన్ నూటికి నూరుపాళ్లు సరైనది, దొంగ సిగ్నల్ సున్నా రావాలి. 0.2 వచ్చింది. నా సిగ్నలే 1.5 కదా, అందులో 13 శాతం!

రెండు రాత్రులు కోడ్‌లో తప్పు వెతికాను. బిన్ అంచులు చూశాను, నార్మలైజేషన్ చూశాను, ఫిట్ మొదలయ్యే విలువలు మార్చాను. ఏదీ తేడా లేదు. మూడో రోజు, ఒంటరి హిగ్స్ రెండు ఫోటాన్ల విశ్లేషణలో పీహెచ్‌డీ చేసిన మన తెలుగు సీనియర్ ఒకాయనకు ఫోన్ చేశాను.

"అన్నా, ఖాళీ గిన్నె పెడితే 0.2 చూపిస్తోంది."

"సీడ్ మార్చి, అంటే వేరే యాదృచ్ఛిక సంఖ్యలతో, చూశావా?"

"లేదన్నా."

"ముందు అది చెయ్యి. ముల్లు ఒకే వైపు వాలుతోందో, అటూ ఇటూ ఊగుతోందో చూడకుండా గిన్నెది తప్పని ఎలా అంటావు? నీ టెంప్లేట్‌లో, అదే సిగ్నల్ లేని ఆ సిమ్యులేషన్‌లో, ఎన్ని ఘటనలున్నాయి?"

డేటాకి వంద రెట్లు అన్నాను, చాలా ఎక్కువే తీసుకున్నానని ధీమాగా. ఆయన అటునుంచి నెమ్మదిగా, "వంద రెట్లంటే కిటికీలో 400 ఘటనలు. దాని వర్గమూలం ఎంత?" అన్నారు. 20. మళ్లీ డేటా సైజుకి వందతో భాగిస్తే 0.2. నేను రెండు రాత్రులు వెతికిన తప్పు తప్పే కాదు, టెంప్లేట్‌లోని గణాంక కుదుపు.

200 సీడ్లతో నడిపాను. కొన్నిసార్లు ప్లస్, కొన్నిసార్లు మైనస్, విస్తృతి 0.2 దగ్గర, సగటు సున్నా పక్కన. ఘటనలు వంద రెట్లు పెంచితే, అంటే డేటాకి 10,000 రెట్లు చేస్తే, విస్తృతి పది రెట్లు తగ్గి 0.02కి వచ్చింది. నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: నేను సిస్టమాటిక్ అని పేరు పెట్టి పట్టికలో వేయబోయింది నా కంప్యూటర్ తగినంత సేపు నడవకపోవడం.

దీన్ని ఇంత పొడుగ్గా రాస్తున్నానంటే కారణం ఉంది. నా నమూనాలో ఘటనలు పెంచడం ఒక రాత్రి పని. నిజమైన విశ్లేషణలో ఫోటాన్లూ జెట్లూ ఉన్న ఘటనలు లక్షల్లో పుట్టించి, వాటిలో బీ జెట్లు రెండున్నవి ఏరుకుంటే చివరికి గుప్పెడే మిగులుతాయి. అందుకే ఫంక్షన్‌ని పరీక్షించే నిబంధనల్లో టెంప్లేట్ సొంత గణాంక అనిశ్చితికి చోటు ఇస్తారు, కొన్నిచోట్ల టెంప్లేట్‌ని ముందే నునుపు చేస్తారు. ఈ వివరాలు పత్రాల్లో ఒక్క వాక్యంలో వెళ్లిపోతాయి, నేనూ ఇన్నేళ్లు ఆ వాక్యం మీంచి నడిచి వెళ్లిపోయాను.

తరవాత నిజంగా తప్పు ధడా కట్టి చూశాను. రెండు ఎక్స్‌పొనెన్షియల్‌ల మొత్తం నుంచి బ్యాక్‌గ్రౌండ్ పుట్టించి ఒకే ఎక్స్‌పొనెన్షియల్‌తో ఫిట్ చేశాను. ఈసారి ముల్లు ఊగుతూనే ఒక పక్కకి వాలింది, సగటు సున్నాకి కిందే నిలబడింది. గీసి చూస్తే అర్థమైంది: నిజమైన వక్రం రెండు చివర్లా ఫిట్ కన్నా పైకి లేచి, మధ్యలో కిందికి దిగుతుంది. 125 ఆ దిగిన చోటే ఉంది. కాబట్టి దొంగ సిగ్నల్ మైనస్‌లో వచ్చి, ఉన్న సిగ్నల్‌ని కూడా తినేస్తుంది. లేని కణం కనపడుతుందేమో అని అందరం భయపడతాం, ఉన్నది కనపడకుండా పోవడం గురించి నేను అంతగా ఆలోచించలేదు.

3వ వారం, శిఖరం మీద శిఖరం

పక్కల నుంచి ఊహించలేని బ్యాక్‌గ్రౌండ్ ఒకటుంది: ఒంటరి హిగ్స్. అది రెండు ఫోటాన్లుగా విడిపోతే సరిగ్గా 125 దగ్గరే శిఖరం కడుతుంది. టాప్ జంటతోనో, జెడ్ బోసాన్‌తోనో కలిసి వస్తే బీ జెట్లు వాటి నుంచి వస్తాయి, అది బాగానే లెక్కించగలం. గ్లూవాన్ల నుంచి పుట్టిన ఒంటరి హిగ్స్ పక్కన మాత్రం బీ జెట్లు రేడియేషన్‌లో రావాలి, అది సిమ్యులేషన్లకు కష్టమైన మూల. అందుకే అట్లాస్ విశ్లేషణల్లో దాని మీద 100 శాతం అనిశ్చితి వేస్తారు. మొదటిసారి చూసినప్పుడు ఇది చేతులెత్తేయడమే కదా అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. తెలియనిదాన్ని తెలియదని సంఖ్యలో రాయడం అది.

నా 4లో ఒంటరి హిగ్స్‌కి 0.8 ఇచ్చి, అందులో ఈ కష్టమైన రకానికి 0.3 ఇచ్చాను. ఇవాళ 1.5 సిగ్నల్ ముందు అది ఏమంత పెద్దది కాదు, ఎందుకంటే గణాంక అనిశ్చితే 2 కన్నా ఎక్కువ. 3,000 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్‌ల దగ్గర అది 6.4 ఘటనలు, సిగ్నల్‌లో అయిదో వంతు, గణాంక అనిశ్చితి 11 లోపే. పైగా దొంగ సిగ్నల్‌లాగా కంప్యూటర్ ఎక్కువసేపు నడిపితే తగ్గేది కాదు ఇది, బీ జెట్లతో పుట్టే ఒంటరి హిగ్స్‌ని లెక్కలో మెరుగుపరచాలి, లేదా కొలవాలి.

గురువారం, నేను చేసిన తప్పు

సిద్ధాంతం వైపు సిస్టమాటిక్ వేశాను. 31 ఫెమ్టోబార్న్‌ల మీద స్కేల్ (లెక్కలో మనం ఎంచుకునే శక్తి స్థాయి), టాప్ ద్రవ్యరాశి ఎంపిక కలిపి ప్లస్ 6, మైనస్ 23 శాతం. ఇంత అసమానంగా ఉండటానికి ముఖ్య కారణం టాప్ ద్రవ్యరాశిని ఏ స్కీమ్‌లో, అంటే ఏ నిర్వచనంతో, తీసుకోవాలన్న ప్రశ్న. ఇది వేశాక క్రాస్ సెక్షన్ మీద పరిమితి కూడా బలహీనపడింది. అది జరగకూడదు. ఎన్ని ఘటనలకు మించి లేవో డేటా చెబుతుంది, దాన్ని ఎఫిషియెన్సీతో (పుట్టినవాటిలో మా కోతలు దాటి దొరికే భాగంతో), ల్యూమినాసిటీతో, విడిపోయే వాటాతో భాగిస్తే క్రాస్ సెక్షన్ పరిమితి వస్తుంది. సిద్ధాంతం ఎంత చెప్పిందన్న ప్రశ్నే అందులో లేదు. కణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం, స్టాండర్డ్ మోడల్, చెప్పినదానికి ఎన్ని రెట్లు అని అడిగినప్పుడే ఆ 23 శాతం లోపలికి రావాలి. ఒకే వర్క్‌స్పేస్‌ని (ఫిట్ నమూనా ఫైలుని) రెండు ప్రశ్నలకూ వాడి పప్పులో కాలేశాను. ఇప్పుడు రెండు వేర్వేరు ఫైళ్లు పెట్టుకున్నాను. అట్లాస్ రన్ 2లో అన్ని దారులూ కలిపి చెప్పిన పరిమితి స్టాండర్డ్ మోడల్‌కి 2.9 రెట్లు, ఊహించినది 2.4. ఆ సంఖ్య రెండో రకం ప్రశ్నకు జవాబు అని ఇకమీద చూసిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

4వ వారం, ఫిట్‌కి అంత తెలుసా?

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన రాత్రి. రెండు బాటమ్ క్వార్క్‌లు, రెండు టావులు (ఎలక్ట్రాన్‌కి బరువైన బంధువులు) ఉండే దారిలో బ్యాక్‌గ్రౌండ్‌లు టాప్ జంటలు, జెడ్‌తో వచ్చే భారీ జెట్లు. వాటిని సిగ్నల్ దాదాపు లేని కంట్రోల్ రీజియన్లలో కొలుస్తారు. ఆ అమరిక అరువు తెచ్చుకుని నా నమూనాకు 10,000 ఘటనల కంట్రోల్ రీజియన్ ఒకటి తగిలించాను. పార్టన్ షవర్‌కి, అంటే క్వార్క్‌లు, గ్లూవాన్లు జెట్లుగా విరజిమ్మడానికి, పైథియా 8, హెర్విగ్ 7 అనే రెండు సిమ్యులేషన్ ప్రోగ్రాముల మధ్య తేడాను ఒక సిగ్మా అనుకుని 10 శాతం న్యూసెన్స్ పారామీటర్ పెట్టాను, రెండు రీజియన్లకూ అదే ఒక్క పారామీటర్.

ఫిట్ అయ్యాక ఆ పారామీటర్ అనిశ్చితి 1 నుంచి 0.1కి పడిపోయింది. లెక్క సరిగ్గానే ఉంది: 10,000 ఘటనలంటే 1 శాతం కొలత, 10 శాతం పారామీటర్‌ని అది పదో వంతుకి కుదిస్తుంది. దాంతో సిగ్నల్ రీజియన్‌లోనూ అనిశ్చితి 1 శాతానికి చేరి, 3,000 దగ్గర సిగ్మా 2.55 నుంచి 3.46కి ఎగిరింది. ఒక్క ఘటన కూడా సిగ్నల్ రీజియన్‌లో కొత్తగా చేరలేదు.

కంట్రోల్ రీజియన్‌లో మొత్తం ఎన్ని ఘటనలో తెలిసినంత మాత్రాన, వేరే మూలలో జెట్లు ఎలా విరజిమ్ముతాయో తెలిసిపోతుందా? ఒకే పారామీటర్ పెట్టడమంటే తెలిసిపోతుంది అని నేనే ఫిట్‌కి చెప్పినట్టు, ఫిట్ దాన్నే నాకు తిరిగి చెప్పింది. పైగా రెండు ప్రోగ్రాముల మధ్య తేడా ఒక సిగ్మా ఎలా అవుతుంది? నిజం ఆ రెండింటి మధ్యే ఉండాలని ఎక్కడా రాసిలేదు. పారామీటర్‌ని రెండుగా విడగొట్టాను. రెండు రీజియన్లకూ కలిపి నార్మలైజేషన్ ఒకటి, కంట్రోల్ నుంచి సిగ్నల్‌కి మోసుకెళ్లడంలో వచ్చే తేడాకి విడిగా 5 శాతం ఒకటి. సిగ్మా 3.14కి దిగింది. ఈ 5 కూడా నా ఎంపికే, కానీ ఇప్పుడు అది కనపడేలా ఒక వరుసలో ఉంది, ఎవరైనా దాన్ని ప్రశ్నించవచ్చు. 2.55, 3.14, 3.46. మూడింటికీ డేటా ఒకటే. డిటెక్టర్‌లో, కాలిబ్రేషన్లో కాదు, కోరిలేషన్ గురించి నేను రాసిన ఒక్క వరుసలో ఉంది తేడా అంతా.

సోమవారం మీటింగులో మా పట్టికలో బాగా కుదించుకుపోయిన పారామీటర్లను విడిగా తీసి, ఒక్కొక్కటీ ఏ రీజియన్ వల్ల కుదించుకుందో చూద్దామని అడిగాను. ఒప్పుకున్నారు. ఆరు వరుసలు నాకే ఇచ్చారు.

ఆదివారం

చివరి పరీక్ష చిన్నది. బ్యాక్‌గ్రౌండ్ దాదాపు సున్నా, చూసిన ఘటనలు సున్నా. 95 శాతం పరిమితి 3 ఘటనలని పాయిసన్ లెక్క చేత్తోనే చెబుతుంది. పైహెచ్ఎఫ్‌లో అసింప్టోటిక్ సూత్రం వాడితే 1.92 వచ్చింది. ఆ సూత్రం ఘటనలు చాలినన్ని ఉన్నప్పటిది, ఇక్కడ అది ఉన్నదానికన్నా బలమైన పరిమితి చూపిస్తుంది. అత్యంత శుభ్రమైన కేటగిరీల్లో మా దగ్గర ఉండేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఘటనలే, కాబట్టి టాయ్‌లు, అంటే కంప్యూటర్‌లో మళ్లీ మళ్లీ పుట్టించే నకిలీ ప్రయోగాలు, వేయక తప్పదు.

ఇప్పుడు రాత్రి పదకొండున్నర. నాలుగు కోర్ల మీద టాయ్‌లు నడుస్తున్నాయి, ఫ్యాన్ మోత గదంతా వినపడుతోంది. పొద్దున్నకి అయిపోతే కప్పా లాంబ్డా స్కాన్ మొదలుపెడతాను. క్రాస్ సెక్షన్ అత్యల్పంగా ఉండే 2.4 దగ్గర సిగ్నల్ ఆకారం కూడా మారుతుంది కాబట్టి, అక్కడ ఎఫిషియెన్సీని స్థిరంగా పెట్టకుండా ప్రతి బిందువుకీ విడిగా లెక్కించాలి.